పోలిక ఊరు

మళ్ళా వచ్చినావా ఉసేనీ,
రా, అరుగు మీద కూర్చో.
నీళ్ళు తాగు ముందు, ఎండ సంపుతాంది.
ఆ పలకలో చార్జింగు ఉందా?
పోయినసారి ముప్పై నాలుగో ప్రశ్న కాడ
సచ్చిపాయ కదా అది.

పోయిన ఏడు దినాల్లో ఎన్ని పూటలు పస్తా?
రాసుకో, నావి రెండు.
మా ఇంటాయనవి సున్నా.
ఆ సున్నా కోసమే నా రెండు.
గుడ్లు తిన్నారా?
కోడి ఉంది. గుడ్డు అమ్ముతాం.
అట్లాంటి గడి నీ పలకలో లేదు కదా.

వంకకవతల గవిదొడ్డికి చీటీ తగిలింది,
మాకు తగల్లేదు.
కోసిగి మండలాఫీసులో, డబ్బాలో చెయ్యి పెట్టిచ్చి
ఒక చిన్నపిల్లోని చేత తీపిచ్చినారంట.
ఇంటికో ఆడమనిషికి నెలకు పదైదు నూర్లు,
రెండేండ్లు.
ఏం జేసినావని అడగరంట.
మా ఊరికి మాత్రం అడగడమే.
ఆర్నెల్లకోసారి ఇవే ప్రశ్నలు, ఒక సబ్బు.
మాది పోలిక ఊరని నువ్వే సెప్తివి.
తక్కెట్లో ఒక పక్క బెల్లం, ఒక పక్క రాయి.
రాయికి పేరుండదు, తూకం ఉంటాది.

మొదట్లో మావోళ్ళు ఏమన్లేదు?
ఊరికే వచ్చే దుడ్లు నిలబడవనిరి,
సారాయంగడి పెద్దదైతాదనిరి,
గవిదొడ్డోళ్ళు ఇంక మంచం దిగరనిరి.
నేనూ అన్నా, దాపరికమేముంది,
కడుపుమంటకు నోరు తోడు.

సూస్తా ఉంటే
తిక్కమ్మ కుట్టు మిషనూ కొనలేదు, బర్రెనూ కొనలేదు,
నువ్వు ఫోటో తీసుకునేట్టు ఏమీ చెయ్యలేదు.
మొదటి నెల అంగడోని బాకీ కట్టింది.
రెండో నెలా అంగడోని బాకీనే.
మూడో నెల మోకాలికి సూది ఏపిచ్చుకుంది.
నాలుగో నెల ఏం జేసిందో సెప్పలేదు.
నాకు ఈర్ష్య పుట్టింది అప్పుడు ఉసేనీ,
దుడ్లు చూసి కాదు,
ఆ సెప్పకపోడం చూసి.

దీపావళి దాటితే మా పక్క ఊర్లకు బీగాలు పడతాయి,
నీకు తెల్సు.
స్టేషన్లో సద్దిమూటలు, గిన్నెలు, సంకలో బిడ్డలు,
గుంటూరు సుగ్గికి, మిరపకోతకు.
మేస్త్రి మద్దిలేటి వానల్లోనే అడ్వాన్సు ఇస్తాడు,
ఇచ్చేటప్పుడు దేవుడు,
లెక్కేసేటప్పుడు మేస్త్రి.
ఆ యేడు గవిదొడ్డిలో సగం ఇండ్లు అడ్వాన్సు పట్టలేదు.
"ఈసారి సూస్తాంలేప్పా" అనిందంట తిక్కమ్మ.
అంతే.
కొట్లాట లేదు, జెండా లేదు.
"సూస్తాంలే" అనే మాట
మేస్త్రితో ఏ ఆడది అన్నా
అంతకుముందు నేనినలేదు.

లారీ నిండకపాయ.
మద్దిలేటి వంక దాటి మా ఊరికొచ్చె.
ఇదే అరుగు, నువ్వు కూర్చున్న తావే.
తువ్వాలుతో మొగం తుడుసుకుంటా
కిలోకు రెండ్రూపాయలు ఎక్కువిస్తాననె.
నేను మూడన్నా.
అనినాక నా నోరే నాకు కొత్తగా ఉండె.
మూడిచ్చినాడు.

మా పాప కోసే కాయలు
ఆ మూడ్రూపాయల్లో ఎల్లిపాయ.
దాన్ని తోడుకపోలేదు, మా అత్త కాడ ఇడిసిపోయినా.
ఏడో తరగతి ఇప్పుడు.
నా పేరు మీద ఒక్క రూపాయి పడలేదు,
అది కూడా రాసుకో.

ఏంది, ఏలు ఆడక అట్లే నిలిసిపోయినావు?
లెక్క సెడిపాయనా?
రాయి కూడా రవ్వంత తీపెక్కితే
తక్కెట పట్టినోడు ఏం జేస్తాడు పాపం.
పై సార్లకు ఏం సెప్పుకుంటావో సెప్పుకో.

నాదీ ఒక ప్రశ్న ఉంది, నీ పలకలో లేనిది.
నీకు నెలనెలా జీతం వస్తాది కదా,
వచ్చిన నెల పని మానేసి పండుకుంటివా?

నవ్వుతావే.

రెండు నెల్ల నుంచి రాలేదా?
అయ్యో.
మరి ఆదోని నుంచి పెట్రోలు యెట్ల?

సబ్బు బ్యాగులోనే ఉండనీ,
నువ్వే తీస్కపో.
కోడి ఈ పొద్దు గుడ్డు పెట్టింది, ఉడకేస్తా.
గుడ్లు తిన్నారా అని ఉంది కదా,
ఆ గడిలో నీ పేరు రాసుకొని
తర్వాత ప్రశ్న అడుగు.